నాటిన గులాబికి తొలి ఏడు
(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పూలతోటల రైతులకు ఇచ్చిన ఉపన్యాస పాఠము)



ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట పరిసరములు అనాబెషాహీ ద్రాక్షకు పేరు పొందినవి. నేడు ఆ పందిళ్లు చాలవరకు పోయినవి. పట్నము మన పొలము గట్టు వరకు వచ్చినది. భూములు ప్లాట్లుగా మారినవి. మిగిలిన వారి చేతిలో ఎకరమో, అరెకరమో, పది గుంటలో ఉన్నది. ఇంత తక్కువ నేలలో, ఇంత తక్కువ బోరు నీటితో, పట్నపు అంగడికి ఇంత దగ్గరలో ఉండి ఏమి పండించవలెనని ఆలోచించిన రైతులు పలువురు పూలవైపు చూచుచున్నారు. తెల్లవారుజామున కోసిన పువ్వు పొద్దెక్కకమునుపే గుడిమల్కాపూర్ మార్కెట్టు చేరగలదు. ఈ సౌకర్యము దూరపు రైతుకు లేదు.

ఈనాడు నేను మీతో ముచ్చటించదలచినది ఆరుబయట పెంచు గులాబిని గురించి. అందులోను, తోట అంతటిని గురించి కాదు, నాటిన తరువాతి మొదటి సంవత్సరమును గురించి మాత్రమే. పాలీహౌసులలో పెంచు కాడపూల గులాబి సంగతి వేరు. దానిని ఇక్కడ తలపెట్టను. బాగుగా పెంచిన గులాబితోట ఎన్నో ఏండ్లు పూయును. కాని ఆ తోట నిలుచునా, పోవునా అనునది మొదటి పన్నెండు నెలలలోనే తేలిపోవును.

మా ఇంటి అనుభవము

ముందుగా నా తప్పు ఒకటి చెప్పెదను. నేను పై చదువు చదువుచున్న రోజులలో మా నాయన పది గుంటలలో ఐదువందల గులాబి మొక్కలు నాటినారు. సెలవులకు ఇంటికి వచ్చిన నేను, చదువుకొన్నవాడనన్న ధీమాతో, ముదురు తోటకు చెప్పిన మోతాదు చూచి ఆ పసిమొక్కలకు రసాయనిక ఎరువు వేయించినాను. ప్రతిదినము నీరు పెట్టించినాను. “వాటికి ఇంకా ఆకలి కాలేదురా” అని మా నాయన అన్నారు. నేను వినలేదు. దసరాకు మొక్కలు పూసినవి. పూలు అమ్మితిమి. ఇల్లంతా సంతోషించినది.

రోహిణి కార్తె వచ్చునప్పటికి రెండువందల పైచిలుకు మొక్కలు ఎండినవి. ఎండిన మొక్కను పట్టి లాగితే చేతిలోనికి సులభముగా వచ్చినది. అడుగున చూచితిని: నర్సరీనుండి వచ్చిన మట్టిముద్ద ఏ ఆకారములో వచ్చినదో ఆ ఆకారములోనే ఉన్నది. సంవత్సరము గడచినా వేరు ఆ ముద్ద దాటి మన చల్కనేలలోనికి కాలు పెట్టలేదు. పైన కొమ్మలు, ఆకులు, పూలు. క్రింద పిడికెడు వేరు. ఎండ ముదిరినప్పుడు ఆ పిడికెడు వేరు అంత మొక్కకు నీరు అందించలేకపోయినది.

ఆనాడు నేర్చుకొన్న మాట ఒక్కటే. గులాబికి తొలి ఏటి పంట పువ్వు కాదు, వేరు. మీరు చేయు ప్రతి పనిని ఈ మాటతో తూచి చూడవలెను. ఈ పని వేరును బయటకు పిలుచునా, లేక ముద్దలోనే కూర్చుండబెట్టునా? నేను ఇక చెప్పబోవునదంతయు ఈ ప్రశ్నకు జవాబే.

గుంత

మన నేలలు ఎక్కువగా ఎర్ర చల్కలు, దుబ్బలు. పైన నీరు త్వరగా ఇంకును గాని, కొన్ని చోట్ల అడుగునో రెండడుగులలోనో గట్టి మొరము తగులును. మొరములో త్రవ్విన గుంత వానకాలములో కుండవలె నీటిని పట్టి ఉంచును. వేరుకు గాలి అందక కుళ్లును. కనుక గుంత త్రవ్విన తరువాత దానినిండ నీరు పోసి చూడవలెను. మరునాటికి కూడ నీరు నిలిచి ఉన్నచో, గడ్డపారతో అడుగు మొరమును పగులగొట్టవలెను. అట్లు వీలుకాని చోట బోదె ఎత్తి బోదెమీద నాటుట మేలు.

గుంత పొడవు, వెడల్పు, లోతు ఒకటిన్నర అడుగు చొప్పున ఉన్న చాలును. నాటుటకు పదిహేను దినములు ముందే త్రవ్వి ఎండనివ్వవలెను. సాలుకు సాలుకు రెండు మీటర్లు, మొక్కకు మొక్కకు ఒక మీటరు దూరము ఇచ్చినచో ఎకరమునకు రెండువేల మొక్కలు పట్టును. గుంతకు బాగుగా చివికిన పశువుల పెంట పది కిలోలు, త్రవ్వి తీసిన పైమట్టితో కలిపి నింపవలెను. పచ్చి పెంట వేయరాదు. అది వేరును వేడిచేయును. చెదలను, వేరుపురుగును తెచ్చును. చల్కనేలలో చెదల బాధ మీకు నేను చెప్పవలసిన పనిలేదు. పెంటతోబాటు పావుకిలో వేపపిండి కలుపుట మంచిది. రసాయనిక ఎరువును గుంతలో వేయరాదు.

నాటు దినము

మృగశిరలో తొలివానలు పడి, నేల లోపలి వేడి తగ్గిన తరువాత నాటవలెను. ఒక్క వాన చూచి తొందరపడరాదు. ఆరుద్ర, పునర్వసు కార్తెలలో మబ్బుపట్టిన సాయంకాలము మంచి సమయము. మే నెలలో నర్సరీవారు చవుకగా ఇచ్చినారని తెచ్చి నాటిన మొక్క చివరకు చవుక కాదు.

ఇక ముఖ్యమైన సంగతి. గోదావరి ఒడ్డున కడియము వంటి దూరప్రాంతములనుండి మనకు వచ్చు మొక్కలకు తరచు జిగట ఒండ్రుమట్టి ముద్ద ఉండును. దారిలో ముద్ద చెదరకుండుటకు ఆ మట్టి పనికివచ్చును. కాని దానిని ఉన్నది ఉన్నట్లు మన చల్కలో పెట్టినచో రెండు మట్టులు కలియవు. చుట్టు ఉన్న వదులు నేల నీరు త్రాగి తడిగా కనిపించును. లోపలి ముద్ద మాత్రము రాయివలె ఎండి ఉండును. లేదా ముద్ద ఒకసారి తడిసి ఆరక వేరు కుళ్లును. మా నాయన తోటలో జరిగినది ఇదియే.

అందువలన నాటుటకు ముందు ప్లాస్టిక్ సంచి పూర్తిగా తీసివేసి, ముద్దను బకెట్టు నీటిలో పది పదిహేను నిమిషములు నాననివ్వవలెను. పై మట్టి మెత్తబడిన తరువాత వ్రేళ్లతో చుట్టు అరంగుళము మేర మెల్లగా రుద్ది తీయవలెను. వేరు కొనలు బయటకు కనిపించిన చాలును. ముద్దనంతటిని విరుగగొట్టరాదు. గుండ్రముగా చుట్టుకొన్న వేళ్లున్నచో వాటిని విప్పి పరచవలెను. విప్పుటకు రానివాటి కొనలు కత్తిరించవలెను. గుంతలో పెట్టునప్పుడు ఆ కొనలు మన మట్టికి తగులుచున్నట్లు చూడవలెను.

ముద్ద పైభాగము నేలమట్టమునకు సమముగా ఉండవలెను. అంటు మొక్క అయినచో, అంటు కట్టిన ముడి నేలకు రెండంగుళములు పైన ఉండవలెను. చలిదేశముల పుస్తకములలో ముడిని మట్టిలో పూడ్చుమని వ్రాసి ఉండును. అక్కడ మంచు గడ్డకట్టి ముడి చనిపోకుండుటకు అట్లు చేయుదురు. మనకు ఆ భయము లేదు. ఇక్కడ పూడ్చినచో తడికి ముడి కుళ్లును. వేరు పోసిన కొమ్మమొక్కకు ముడి ఉండదు కనుక ఈ మాట వర్తించదు.

మట్టిని చేతులతో నొక్కవలెను, కాలితో త్రొక్కరాదు. పాదు చేసి, మొక్కకు ఒక బకెట్టు నీరు మెల్లగా పోయవలెను. గాలికి ఊగు మొక్కకు ఒక కర్ర పాతి వదులుగా కట్టవలెను. మొక్క ఊగుచున్నంత కాలము కొత్తగా పుట్టిన సన్నవేరు తెగుచుండును.

నీరు

తొలి పదిహేను దినములు వాన లేనిచో దినము విడిచి దినము, నీరు ముద్దమీదనే పడునట్లు పోయవలెను. వేరు ఇంకను అందులోనే ఉన్నది గదా! కొత్త చిగురు కనిపించిన తరువాత క్రమముగా ఎడము పెంచి వారమునకు ఒకసారికి తేవలెను. వానలు పడుచున్నప్పుడు నీరు పెట్టుటకంటె నిలిచిన నీటిని బయటకు త్రోయుట ముఖ్యము.

ఎప్పుడు పెట్టవలెనో నేలనే అడుగవలెను. మొక్కకు జానెడు దూరమున వ్రేలిని రెండు మూడంగుళములు గ్రుచ్చి చూడుడు. మట్టి వ్రేలికి చల్లగా అంటినచో నీరు అక్కరలేదు. మధ్యాహ్నపు టెండకు ఆకు కొంచెము వాలి, సాయంకాలమునకు నిలిచినచో అది దప్పి కాదు. తెల్లవారి కూడ వాలి ఉన్నచో ముందు నేలను చూడుడు. నేల పొడిగా ఉన్నచో నీరియ్యుడు. నేల తడిగా ఉండి ఆకు వాలినచో వేరు కుళ్లుచున్నదని అర్థము. అప్పుడు నీరు పోయుట మొక్కను ముంచుటయే.

నెలనెలకు పాదును కొంచెము కొంచెము వెడల్పు చేయవలెను. నీరు ఎక్కడ ఉన్నచో వేరు అక్కడికి పోవును. మొదలువద్దనే నీరు దొరకినప్పుడు అది ఎందుకు కదలును? డ్రిప్పు ఉన్నవారు మొదట నీటిచుక్కను ముద్దమీద పడనిచ్చి, రెండు నెలలకు జానెడు, నాలుగు నెలలకు అడుగు దూరము జరుపవలెను. డ్రిప్పు వేసినవారు సామాన్యముగా మరచిపోవు పని ఇదియే.

బోరునీటి మాట

మన ప్రాంతపు బోరునీరు పలుచోట్ల గట్టినీరు. డ్రిప్పు రంధ్రములవద్ద తెల్లని పొర కట్టుట మీరు చూచియే ఉందురు. అట్టి నీరు ఏండ్ల తరబడి పారిన నేలలో ఇనుము ఉన్నను మొక్కకు అందదు. అప్పుడు లేత ఆకు పసుపురంగు తిరుగును. ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. దీనిని చూచి యూరియా వేయువారున్నారు. అది మందు కాదు. లీటరు నీటికి అన్నభేది ఐదు గ్రాములు, నిమ్మ ఉప్పు ఒక గ్రాము కలిపి, చల్లని వేళ ఆకుమీద వారము పది దినముల ఎడముతో రెండు మూడుసార్లు చల్లినచో ఆకు తేరుకొనును. ముదురాకు పసుపుబారి రాలుట వేరు సంగతి. ముందు నీరు ఎక్కువయినదేమో చూచుకొనవలెను.

నీలగిరులలోనో, హిమాలయములలోనో ఎర్రగా పూసిన రోడోడెండ్రాన్ పొదలను చూచి వచ్చినవారు, అవి ఇక్కడ పెంచవచ్చునా అని అప్పుడప్పుడు అడుగుదురు. వాటికి కొండల చల్లదనము, ఆమ్లగుణము గల నేల, సున్నము లేని నీరు కావలెను. మన ఎండకు, మన బోరునీటికి అవి నిలువవు. గులాబి వాటికంటె ఓపికగల మొక్క. అయినను దాని ఓపికకు హద్దున్నది. నాటకముందే నేలను, నీటిని పరీక్ష చేయించుకొన్నవారు మంచి చేసినవారగుదురు.

మొగ్గ త్రుంచుట

ఇది చెప్పుట సులభము, చేయుట కష్టము. జూన్, జులై నెలలలో నాటిన మొక్క ఆగస్టు, సెప్టెంబరు నెలలలో మొగ్గ తొడుగును. బతుకమ్మ వచ్చును, దసరా వచ్చును. మార్కెట్టులో ధర పలుకును. అప్పు ఇచ్చినవాడు గడపలో నిలుచును. అట్టి సమయమున మొగ్గను త్రుంచి పారవేయుమని చెప్పుటకు నాకును మనసొప్పదు. కాని పువ్వు తయారగుటకు మొక్క తన ఆకులో వండిన ఆహారమును పైకి పంపును. వేరుకు ఆ మేరకు తగ్గును. కనుక మొదటి మూడు నాలుగు నెలలు శనగగింజంత మొగ్గ కనిపించగానే గోటితో గిల్లివేయవలెను. ఆకును మాత్రము తీయరాదు. ఆకు వేరుకు అన్నము పెట్టు చేయి.

ఆ నాలుగు నెలలు ఇల్లు గడచుట ఎట్లని మీరు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. సాలుల నడుమ రెండు మీటర్ల చోటున్నది. మొక్కకు రెండడుగులు విడిచి, నడుమ చిన్న మడులలో కొత్తిమీర, మెంతికూర, పాలకూర వేసికొనుడు. పట్నమునకు ఆకుకూర పంపుట మన ప్రాంతపువారికి కొత్త కాదు. కాని ఆ మడుల నీరు వేరుగా పారవలెను. గులాబి పాదులోనికి రారాదు. ఎత్తుగా పెరిగి నీడపెట్టు పైరు వేయరాదు.

దొంగ పిలకలు

అంటు మొక్కలో పైది మంచి గులాబి, అడుగుది అడవి గులాబి. అడుగుదానికి బలమెక్కువ. ముడికి క్రిందినుండి, ఒక్కొక్కప్పుడు నేలలోనుండి, నిటారుగా పిలక లేచును. మొక్క ఏపుగా పెరుగుచున్నదని రైతు సంతోషించును. ఏడాది తిరుగునప్పటికి ఆ పిలకయే మొక్కయగును. మంచి కొమ్మ ఎండిపోవును. తోటలో మీరు కొన్న రకము కనిపించదు.

మంచి గులాబి ఆకుకు తరచు ఐదు చిన్నాకులుండును. అడవి పిలకకు ఏడు గాని అంతకు మించి గాని ఉండును. కాని ఈ లెక్క ఒక్కదానినే నమ్మరాదు. పిలక ఎక్కడ పుట్టినదో మట్టి తొలగించి చూడవలెను. ముడికి పైన పుట్టినచో అది మీ సొత్తు, ఉంచుడు. క్రింద పుట్టినచో లేతగా ఉన్నప్పుడే మొదటికంట పట్టి క్రిందికి లాగి ఊడదీయవలెను. నేలమట్టమునకు కత్తిరించినచో ఒకటికి రెండు లేచును.

ఎరువు, కత్తిరింపు, తెగుళ్లు

నాటిన తరువాత ఆరు వారముల వరకు రసాయనిక ఎరువు వద్దు. కొత్తకొమ్మ జానెడు పెరిగినచో వేరు పని మొదలుపెట్టినదని తెలియును. అప్పుడు కూడ చివికిన పెంటయో, వానపాముల ఎరువో పాదు అంచున వేసి కలుపుటతో మొదలుపెట్టవలెను. పిడికెడు యూరియా మొదలువద్ద పోయుట పసివేరును కాల్చుటయే. ముదురు తోటకు చెప్పిన మోతాదు ముదురు తోటకే.

మన ప్రాంతమున గులాబికి పెద్ద కత్తిరింపు వానలు వెళ్లిన తరువాత, అక్టోబరు, నవంబరు నెలలలో చేయుదురు. తొలి ఏడు అది చేయరాదు. ఎండిన పుల్లలు, ఒకదానికొకటి రాసికొను కొమ్మలు మాత్రము తీయవలెను. కొననుండి నల్లబడి క్రిందికి ఎండుచు వచ్చు కొమ్మను చూచినచో ఆలసించరాదు. నలుపునకు రెండంగుళములు క్రింద, పచ్చని కట్టెలో కత్తిరించి, ఆ పుల్లను కాల్చివేసి, కోసిన చోట బోర్డోపేస్టు పూయవలెను. ఒక మొక్కనుండి ఇంకొక మొక్కకు పోవునప్పుడు కత్తిని శుభ్రపరచుకొనవలెను.

వానకాలమున ఆకుమీద నల్లమచ్చలు వచ్చినచో రాలిన ఆకును ఏరివేసి, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సిక్లోరైడు చల్లవలెను. చలికాలమున లేత ఆకుమీద బూడిద కనిపించినచో నీటిలో కరుగు గంధకము లీటరుకు మూడు గ్రాములు చల్లవలెను. ఎండ ముదిరినప్పుడు గంధకము చల్లరాదు. ఎండకాలమున ఆకు అడుగున ఎర్రనల్లి చేరును. తెల్లవారి ఆకు అడుగుభాగమునకు నీటిధార గట్టిగా కొట్టినచో చాలవరకు తగ్గును.

తొలి ఎండకాలము

శివరాత్రి నాటికి ఒక పరీక్ష చేయుడు. నాలుగైదు మొక్కలవద్ద, మొదటికి అడుగు దూరమున, ఖుర్పీతో అంగుళములు రెండు మూడు మెల్లగా కదలించి చూడుడు. తెల్లని సన్నవేళ్లు అక్కడ కనిపించినచో మీ తోట గట్టెక్కినది. కనిపించనిచో ఇంకను ముద్దలోనే ఉన్నదని తెలిసికొని, మొగ్గలను మరల గిల్లివేసి, నీరు దూరముగా జరిపి, ఎండలు ముదురకమునుపే వేరును బయటకు రప్పించవలెను.

మార్చినుండి పాదునిండ ఎండుటాకు గాని వరిగడ్డి గాని మూడంగుళముల మందమున పరువవలెను. మొదలు చుట్టు నాలుగంగుళములు ఖాళీ విడువవలెను. లేనిచో చెదలు గడ్డినుండి నేరుగా కొమ్మకెక్కును. వారమునకొకసారి గడ్డి ఎత్తి చూడుడు. నీరు మూడు నాలుగు దినములకొకసారి, తెల్లవారి పెట్టుడు. బలహీనమైన మొక్కకు పడమటివైపున కందికట్టెతోనో, జొన్నచొప్పతోనో అడ్డు పెట్టినచో మధ్యాహ్నపు మంట తగ్గును. బోరు తగ్గిపోవు వేసవి వచ్చినచో నీటిని తోటంతటికి పలుచగా పంచుటకంటె, సగము కొమ్మల మొగ్గలు తీసివేసి మొక్కలను కాపాడుకొనుట తెలివి.

ముగింపు

మా నాయన ఎండిన మొక్కల చోట మరుసటి ఏడు కొత్త మొక్కలు నాటించినారు. ఈసారి ముద్ద రుద్దినది, మొగ్గ గిల్లినది నేనే. బతుకమ్మకు మా తోటలో ఒక్క పువ్వు లేదు. ఇరుగుపొరుగువారు నవ్వినారు. మరుసటి దసరాకు ఆ మొక్కలే మాకు గంపలు నింపినవి.

మీకు సందేహములున్నచో మొక్కను, కొంత మట్టిని, సీసాలో బోరునీటిని తీసికొని మా వద్దకు రండు. శామీర్‌పేట దాటి కరీంనగరు బాటను పోయినచో ములుగు వద్ద ఉద్యాన విశ్వవిద్యాలయము కూడ కలదు. అడుగుటకు సంకోచింపకుడు. నాటకముందు అడిగిన ప్రశ్న ఒక్కటి, ఎండిన తరువాత అడిగిన పదింటికంటె మేలు.

తొలి ఏడు వేరును పండించుడు. పువ్వు తనంతట తానే వచ్చును.